సోమవారం తాకట్టు, ముప్ఫై రెండు షిల్లింగుల లెక్క

ఆర్థిక మాంద్యం గురించి చదవబోతే ముందు ఎదురయ్యేవి గీతలూ పట్టికలూ. బ్యాంకు కూలింది, ఎగుమతి పడింది, ధర పడింది అంటారు. ఆ పడిపోవడం ఏ తోవన నడిచి ఒక వీధిలో ఒక ఇంటి పొయ్యి దాకా వచ్చిందో చెప్పే పుస్తకాలు తక్కువ. 1930ల మహా మాంద్యం మీద ఇంగ్లండ్‌లో అలాంటివి రెండు వచ్చాయి. ఒకటి వాల్టర్ గ్రీన్‌వుడ్ నవల ‘లవ్ ఆన్ ది డోల్’, 1933. రెండోది జార్జ్ ఆర్వెల్ రాసిన ‘ది రోడ్ టు విగన్ పియర్’, 1937. రెండోదాన్ని లోకమంతా చదివింది. మొదటిదాని పేరు ఇంగ్లిషు సాహిత్యం చదువుకున్న మనవాళ్ల నోట కూడా పెద్దగా వినపడదు. నన్నడిగితే, చేతిలో పని పోయిన ఇల్లు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే గ్రీన్‌వుడ్‌నే ముందు చదవాలి. ఆర్వెల్‌ని పక్కన పెట్టుకుని చదవాలి.

ఇద్దరూ 1903లోనే పుట్టారు. పోలిక అక్కడితో సరి. గ్రీన్‌వుడ్ మాంచెస్టర్‌ని ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో, తన నవలలో వచ్చే హ్యాంకీ పార్క్ వాడలోనే పెరిగాడు. తండ్రి మంగలి, కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు పోయాడు. తల్లి హోటల్లో వడ్డన పని చేసి సాకింది. పిల్లవాడు తాకట్టు కొట్టులో గుమాస్తాతో మొదలుపెట్టి దొరికిన పనల్లా చేశాడు. నవల రాసే నాటికి పనిలేక ఉన్నాడు. ఆర్వెల్ మన బీహార్‌లోని మోతీహారీలో నల్లమందు శాఖ ఉద్యోగి ఇంట పుట్టాడు. ఈటన్‌లో చదివాడు. బర్మాలో అయిదేళ్లు పోలీసు అధికారిగా చేసి, ఆ కొలువు మీద రోత పుట్టి మానేశాడు. 1936 జనవరి నెలాఖరున ఉత్తరాదికి బయల్దేరి మార్చి చివరిదాకా విగన్, షెఫీల్డ్, బార్న్‌స్లీ ఊళ్లలో తిరిగాడు. కూలివాళ్ల ఇళ్లలో అద్దెకుండి, గదులు కొలిచి, జీతాల చీటీలు చూసి, బొగ్గు గనిలోకి దిగి రాసుకున్నాడు.

ఒకాయన లోపలివాడు, ఇంకొకాయన వచ్చి చూసి వెళ్లినవాడు అని తేల్చేయడం తేలిక. చాలామంది ఆ మాట దగ్గరే ఆగిపోయారు. నాకు అంతకంటే పెద్ద తేడాగా తోచేది తేదీ. 1931 ఆగస్టులో లండన్‌లో లేబర్ ప్రభుత్వం కూలింది. సెప్టెంబరులో పౌండుకీ బంగారానికీ ముడి తెగింది. అక్టోబరులో నిరుద్యోగ భృతిలో పదోవంతు కోశారు. మగవాడికి వారానికి 17 షిల్లింగులు వచ్చేది 15 షిల్లింగుల 3 పెన్నీలకు దిగింది. నవంబరుకి మీన్స్ టెస్ట్ వచ్చిపడింది. అంటే భృతి గడువు దాటిన మనిషికి ఇంకా సాయం చేయాలా వద్దా అని ఇంటిల్లిపాది రాబడినీ ఆరా తీసి నిర్ణయించడం. మరుసటేడాదికి దేశంలో పనిలేనివాళ్లు దాదాపు 30 లక్షలు. గ్రీన్‌వుడ్ కథ ఈ దెబ్బ తగిలిన రోజులది. ఆర్వెల్ వెళ్లేసరికి కోసిన పదోవంతు తిరిగి ఇచ్చి ఏడాదిన్నర దాటింది. దక్షిణాదిన కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. విగన్ లాంటి ఊళ్లలో మాత్రం మాంద్యం కాపురం పెట్టేసింది. దెబ్బ తగిలిన ఏడాది మనిషి వేరు, అది అలవాటైన ఏడాది మనిషి వేరు. ఈ ఇద్దరు రచయితలు ఎక్కడెక్కడ ఒప్పుకోరో అక్కడల్లా ఈ తేదీ ఉంది.

గ్రీన్‌వుడ్ నవల మొదట్లో ఒక సోమవారం ఉదయం వస్తుంది. ప్రైస్ అండ్ జోన్స్ తాకట్టు కొట్టు ఇంకా తలుపు తీయలేదు. బయట ఆడవాళ్లు మూటలతో కాచుకుని ఉన్నారు. మూటల్లో ఉన్నది బంగారం కాదు. నిన్న ఆదివారం మొగుడు తొడుక్కున్న సూటు, దుప్పట్లు, ఇంకా ఇంట్లో నాలుగు డబ్బులు పలికేవి. తలుపు తీయగానే తోసుకుంటూ లోపలికి పడతారు. ఆ రొక్కంతో వారం గడిపి, జీతం చేతికొచ్చిన రోజు సూటు విడిపించి, ఆదివారం తొడిగి, సోమవారం మళ్లీ అదే గుమ్మం ఎక్కుతారు. ఈ లెక్క కాస్త దగ్గరగా చూడాలి. 1872 నాటి చట్టం ప్రకారం చిన్న తాకట్లకు ప్రతి రెండు షిల్లింగుల మీదా నెలకు అర పెన్నీ వడ్డీ. వినడానికి అదేమంత? కానీ వారం ఉంచినా నెల ఉంచినట్టే లెక్క. సూటు మీద పది షిల్లింగులు తెచ్చుకున్న మనిషి వారం వారం రెండున్నర పెన్నీలు కడుతుంది. ఏడాది తిరిగేసరికి అది పది షిల్లింగుల పది పెన్నీలు. అసలు పది అసలుగానే ఉంటుంది, వడ్డీ దాన్ని దాటిపోతుంది. చీటీ రాసినందుకు తీసుకునేది వేరే.

గ్రీన్‌వుడ్ ఈ కూడికలేవీ వేసి చూపించడు. ఆ కొట్టులో కూర్చుని పనిచేసినవాడు కాబట్టి ఆయనకు ఆ అవసరం లేదు. బదులుగా మిసెస్ నాటిల్‌ని చూపిస్తాడు. మన వీధిలో ఉంటే నాటిలమ్మ అనేవాళ్లం. తాకట్టు కొట్టుకి వెళ్లడానికి సిగ్గుపడే ఇరుగుపొరుగు మూటలన్నీ ఒక బండిలో వేసుకుని తీసుకెళ్లి, తన వాటా తను తీసుకుంటుంది. ఇంట్లో దొంగచాటుగా సారా కొసరు కొసరుగా అమ్ముతుంది. బట్టల క్లబ్బుకి ఏజెంటు. చేబదుళ్లూ ఇస్తుంది. అందరి అవసరమూ ఆమె గుప్పిట్లో ఉంటుంది, అయినా ఆమెను ఎవరూ తిట్టరు, ఎందుకంటే వచ్చే సోమవారం మళ్లీ ఆమెతోనే పని. ఆ బట్టల క్లబ్బు పేరు గుడ్ సమారిటన్. దాని యజమాని ఆ ఊరి ఆల్డర్‌మన్, అంటే పెద్ద మునిసిపల్ సభ్యుడు. నవలలో కుర్రవాడు హ్యారీ హార్డ్‌కాజిల్ తన మొదటి సూటు ఆ క్లబ్బులో వారం వాయిదాల మీదే కొనుక్కుంటాడు. వాయిదా తీరేలోపు సూటు నలుగుతుంది, లేదా తాకట్టుకి వెళుతుంది. ఒకే సూటు మీద అటు వాయిదా, ఇటు వడ్డీ.

మాంద్యం రాకముందు కూడా ఈ సోమవారం ఉంది. నవల బలమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. పని ఉన్న రోజుల్లోనే ఆ ఇళ్లకు వారం చాలేది కాదు. జీతమనే మేకు ఊడేసరికి ఆ చక్రం మొత్తం విడిపోయింది. విడిపించుకునే శుక్రవారం రాదు కనక తాకట్టు పెట్టిన సూటు వెనక్కి రాదు. హ్యారీ సంగతి ఇంకోలా ఉంటుంది. తాకట్టు కొట్టులో కూర్చుని చీటీలు రాయడం ఆడపిల్ల పనిలా తోచి, జిడ్డు బట్టల మోజుతో మార్లోస్ అనే ఇంజనీరింగ్ కార్ఖానాలో ఏడేళ్ల అప్రెంటిసుగా చేరతాడు. ఏడేళ్లూ కుర్రజీతం. పెద్దవాడి జీతం ఇవ్వాల్సిన ఘడియ వచ్చేసరికి అతని ఈడు వాళ్లందరినీ ఒక్కసారే బయటికి పంపేస్తారు. గేటులో కొత్త పిల్లకాయలు అప్పటికే లోపలికి వస్తున్నారు. ఇది న్యూయార్క్ షేర్ మార్కెట్ చేసిన పని కాదు. మార్కెట్ కూలిన నెపంతో మరింత ధైర్యంగా చేసిన పని. ట్రైనీ పేరుతో మూడేళ్లు పనిచేయించుకుని, పర్మినెంటు చేయాల్సిన నెలలో సాగనంపే సంస్థలు చూసిన తెలుగు కుర్రాళ్లకు ఈ అధ్యాయం విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆర్వెల్ పుస్తకంలో ఈ వారం చక్రం తిరగదు. ఆయన దగ్గర ఉన్నది ఒక వారం పద్దు. పనిలేని ఒక గని కార్మికుడు, భార్య, ఇద్దరు పసిపిల్లలు. ఒకరికి రెండున్నరేళ్లు, ఇంకొకరికి పది నెలలు. వారానికి వచ్చేది 32 షిల్లింగులు. ఆ ఇల్లాలి చేత ఖర్చంతా రాయించి పుస్తకంలో ఉన్నదున్నట్టు అచ్చు వేశాడు. ఇంటద్దె 9 షిల్లింగుల అర పెన్నీ, అంటే నాలుగో వంతు దాటి. బట్టల క్లబ్బుకి 3. బొగ్గుకి 2. రొట్టె పిండి 3 షిల్లింగుల 4 పెన్నీలు. మాంసం రెండున్నర. పంచదార 1 షిల్లింగు 9 పెన్నీలు. పాలు పదిన్నర పెన్నీలు. బఠాణీ, క్యాబేజీ కలిపి 6 పెన్నీలు. ఇద్దరు పసివాళ్లున్న ఇంట్లో పాల ఖర్చుకి పంచదార ఖర్చు సరిగ్గా రెట్టింపు. చంటిబిడ్డకు శిశు సంక్షేమ కేంద్రం పాలపొడి ఇస్తోందని ఆయనే చెబుతాడు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మిగతా పద్దంతా అర్థమవుతుంది. పద్దులో సినిమా లేదు, బ్లేడు లేదు, బల్బు లేదు, చిరిగిన చెప్పుకి కుట్టు కూలి లేదు.

ఇక్కడ ఆర్వెల్ చేసిన మంచి పని ఒకటుంది. ఆ పద్దు చూసి, పంచదార మానేసి క్యారెట్లు తినొచ్చుగా అనే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు. వారానికి నాలుగు షిల్లింగుల లోపు ఒక మనిషి ఆరోగ్యంగా ఎలా బతకొచ్చో లెక్క రాసి ఒకరు పత్రికకు పంపారు కూడా. ఆర్వెల్ వాళ్లతో పోట్లాడతాడు. కడుపు నిండినవాడికి ముతక రొట్టె రుచి. పని లేక, విసుగెత్తి, ఇంట్లో కూర్చున్నవాడికి చప్పిడి తిండి నోట్లోకి పోదు, తియ్యటిదో కారంగా ఉన్నదో ఒక ముక్క కావాలి అంటాడు. వేడివేడి టీ, చౌక చాక్లెట్టు, చేపముక్కలు వేయించి అమ్మే దుకాణం, ఫుట్‌బాల్ పందెం చీటీ, రెండు పెన్నీలకు మ్యాట్నీ. సినిమా కూడా కథ కోసం కాదు, హాల్లో వెచ్చగా ఉంటుందని. ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కొరుక్కుని గంజి తాగొచ్చుగా అని కూలివాడి బజ్జీల పొట్లాం వంక చూసే మనవాళ్లు ఆ అధ్యాయం చదవాలి.

గ్రీన్‌వుడ్‌కి ఈ సంగతి తెలియదని కాదు. ఆయన దగ్గర అది పందెంగా వస్తుంది. బుకీ శామ్ గ్రండీ దగ్గర హ్యారీ మూడు పెన్నీల గుర్రప్పందెం కాసి ఇరవై పైచిలుకు పౌండ్లు గెలుస్తాడు. తను ప్రేమించిన హెలెన్‌ని తీసుకుని సముద్రం చూడటానికి పోతాడు. నవల మొత్తంలో వాళ్లకు దక్కిన సుఖం అదొక్కటే, దాన్ని గ్రీన్‌వుడ్ ఎక్కడా ఎగతాళి చేయడు. అయితే పందెం గెలిపించిన చెయ్యే తర్వాత ఆ ఇంటి మీద పడుతుంది. ఆర్వెల్ చౌక సరదాలను మందులా చూశాడు, జనం తిరగబడకుండా కాచిన మందు. గ్రీన్‌వుడ్‌కి ఆ మందు అమ్మేవాడి పేరూ ముఖమూ తెలుసు. అతను వీధి చివర నిలబడి ఉంటాడు, చేతికి ఉంగరాలుంటాయి, పోలీసులు అతన్ని పట్టుకోరు.

మీన్స్ టెస్ట్ దగ్గర రెండు పుస్తకాలూ కలుసుకుంటాయి. రెండింటిలోనూ మెరుగైన పేజీలు అవే. ఆ పరీక్షలో లెక్క మనిషికి కాదు, ఇంటికి. ఇంట్లో ఎవరికి పైసా వచ్చినా అందరి భృతీ ఆ మేరకు తెగుతుంది. నవలలో హ్యారీకి భృతి ఆపేస్తారు. తండ్రికి వస్తున్నదీ అక్క సాలీ మిల్లు జీతమూ అతన్ని సాకడానికి చాలునట. ఇరవై ఒక్కేళ్ల మగపిల్లవాడు సిగరెట్టు ముక్కకి ఆడపిల్ల వంక చూడాలి. సాలీ తెచ్చేది ఆమెది కాకుండా పోయింది. తండ్రి ఇంటి పెద్దగా ఉన్నాడు గానీ పెద్దరికం పోయింది. హెలెన్ నెల తప్పిందని తెలిసి హ్యారీ పెళ్లి చేసుకుంటానంటే తండ్రి ఇంట్లోంచి పొమ్మంటాడు. కోపం కొడుకు తప్పు మీద అనిపిస్తుంది. నిజానికి ఆ ఇంటి లెక్కలో ఇంకో రెండు నోళ్లకు చోటు లేదు. మనిషి కోపం వెనక ఒక ఫారం ఉందని, ఆ ఫారం పేరెత్తకుండానే గ్రీన్‌వుడ్ చూపించిన తీరు నాకు చాలా ఇష్టం.

ఆర్వెల్ అదే సంగతి ముసలివాళ్ల వైపు నుంచి పట్టుకుంటాడు. పింఛను వచ్చే తండ్రి కొడుకు దగ్గరుంటే, ఆ తండ్రిని అద్దెకున్న మనిషిగా లెక్కగట్టి కొడుకు భృతి కోస్తారు. అందుకని తండ్రి బయటికెళ్లి ఎక్కడో పరాయి ఇంట్లో పక్క అద్దెకు తీసుకుంటాడు, పింఛనంతా అక్కడ పోస్తాడు. చాడీల సంగతీ ఆయనే రాశాడు. పక్కింటివాడు ఊరెళితే వాడి కోళ్లకు గింజలు వేసిన ఒక పనిలేని మనిషి మీద, ‘కోళ్లకు మేత వేసే ఉద్యోగం’ దొరికిందని ఎవరో ఫిర్యాదు చేశారు. ఆ మనిషి తనకు ఉద్యోగం లేదని రుజువు చేసుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు. ఇంత నవ్వొచ్చే, ఇంత ఏడుపొచ్చే ముక్క గ్రీన్‌వుడ్‌లో లేదు. ఆర్వెల్ పొడి గొంతుకే అది సాధ్యం.

ఇక్కడ మన ఊసు కొంత రాక తప్పదు, ఎందుకంటే ఇంటిని కొలబద్దగా పెట్టడం ఇంగ్లండ్‌తో పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు ఆరు అంచెల వడపోత ఉంది. నెలకు 300 యూనిట్ల కరెంటు దాటినా, ఇంట్లో ఎవరి పేరునైనా నాలుగు చక్రాల బండి ఉన్నా, ఎవరైనా ఆదాయపు పన్ను కట్టినా అర్హత పోతుంది. హైదరాబాదులో కొడుకు ఏడాదిపాటు పన్ను కడితే ఊళ్లో తల్లి పింఛను ఆగుతుంది. ఆ తర్వాత కొడుకు ఉద్యోగం పోయినా కంప్యూటర్‌లో ఆ ఏడాది మిగిలే ఉంటుంది. రేషన్ కార్డు విడదీయించుకోవడానికి సచివాలయం చుట్టూ తిరిగే అత్తాకోడళ్లకి విగన్ ముసలాయన ఎందుకు వేరే పక్క వెతుక్కున్నాడో ఒక్క ముక్కలో అర్థమవుతుంది. తేడా ఏమిటంటే అక్కడ నిజంగానే ఇల్లు విడిచాడు, ఇక్కడ కాగితం మీద విడిపోతే చాలు. కాగితం మీద విడిపోవడం ఎప్పుడూ కాగితం మీదే ఆగుతుందని మాత్రం నేననుకోను.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆర్వెల్ నన్ను నిరాశ పరుస్తాడు. పనిలేని మొగుడు రోజంతా ఇంట్లో ఉన్నా చీపురు పట్టుకోడనీ, పట్టుకుంటే మగతనం పోతుందని మొగుడే కాదు పెళ్లామూ నమ్ముతుందనీ ఆయన గమనించాడు. మంచి గమనింపే. ఆ ఇల్లాలు దాని గురించి ఏమనుకుంటోందో ఒక్క మాట ఆమె నోట వినిపించడు. ఆ పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయే ఆడమనిషి, ఒక పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని పూడుకుపోయిన తూములో పుల్ల పొడుస్తున్న యువతి. రైల్లోంచి చూశానని, ఒక్క క్షణం ఆమె ముఖం కనిపించిందని, తన గతి ఏమిటో ఆమెకు బాగా తెలుసునని ఆ ముఖమే చెప్పిందని రాస్తాడు. ఆయన డైరీలో చూస్తే ఆమెను చూసింది రైల్లోంచి కాదు, ఒక మురికి సందులో నడిచిపోతూ. రచయిత చోటు మార్చుకోవచ్చు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ నడిచిపోయేవాడు ఆగి పలకరించొచ్చు, రైల్లో ఉన్నవాడు పలకరించలేడు. రైలెక్కడం వల్ల ఆర్వెల్‌కి ఆ బాధ్యత తప్పింది.

గ్రీన్‌వుడ్ వీధిలో ఆడవాళ్లు నోరు మూయరు. నాటిల్, డోర్బెల్, జైక్, బుల్ అనే నలుగురు ముసలమ్మలు సారా గ్లాసుల ముందు కూర్చుని వీధి మొత్తాన్ని చీల్చి చెండాడతారు. మిసెస్ బుల్ పురుడు పోస్తుంది, శవాన్నీ సాగనంపడానికి సిద్ధం చేస్తుంది. ఆమెకు మనుషుల పుట్టుకా చావూ రెండూ కూలి లెక్కే, అందుకే ఆమె మాటలో జాలీ ఉంటుంది, జంకు ఉండదు. ఈ నలుగురినీ రాసిన చేత్తోనే గ్రీన్‌వుడ్ లారీ మీత్‌ని కూడా రాశాడంటే నమ్మబుద్ధి కాదు. లారీ చదువుకున్న కార్మికుడు, సాలీ ప్రేమించినవాడు, లేబర్ పార్టీ మనిషి. నోరు తెరిస్తే ఉపన్యాసమే. 1931 అక్టోబరులో సాల్ఫర్డ్‌లో నిజంగా జరిగిన పనిలేనివాళ్ల ఊరేగింపునీ పోలీసు లాఠీలనీ నవలలోకి తెచ్చి, ఆ తర్వాత లారీని చంపేస్తాడు. మంచివాడు పోయాడు, దుర్మార్గుడైన బుకీ మిగిలాడు. మెలోడ్రామా అంటే ఇదే, దాన్ని దాచి లాభం లేదు. ఆర్వెల్ పుస్తకం రెండో సగం కూడా ఏమంత గొప్పది కాదు. మధ్యతరగతి సోషలిస్టుల మీద ఆయన విసుర్లు చదవడానికి సరదాగా ఉంటాయి గానీ విగన్ ఇళ్లతో వాటికి సంబంధం తక్కువ. ప్రచురించిన విక్టర్ గొలాంజే ముందుమాటలో వాటికి సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. గ్రీన్‌వుడ్ నవలను సినిమా తీద్దామంటే 1936లో సెన్సారు బోర్డు వద్దంది. 1941లో తీయనిచ్చారు. అప్పటికి యుద్ధం అందరికీ పని ఇచ్చేసింది.

రెండు పుస్తకాల చూపూ ఎక్కడ ఆగుతుందో చెప్పకపోతే తెలుగువాడిగా నాకు ఊరట ఉండదు. ఊరేగింపుకి ముందు నెల, 1931 సెప్టెంబరులో, గాంధీ లాంకషైర్‌లోనే ఉన్నాడు. విదేశీ గుడ్డ బహిష్కరణ వల్ల పనులు పోయాయన్న మిల్లు కార్మికుల్ని డార్వెన్ దగ్గర కలిసి మాట్లాడాడు. మీకు లక్షల్లో, మాకు కోట్లలో అని లెక్క చెప్పి, మళ్లీ వాళ్లతో ఆప్యాయంగానే ఫొటో దిగాడు. గ్రీన్‌వుడ్ వీధి నుంచి డార్వెన్ దూరం కాదు. నవల మాత్రం వీధి చివర ఆగిపోతుంది. ఆర్వెల్ కొంత ముందుకెళ్లి, ఇంగ్లండ్ సుఖంగా ఉండాలంటే కోట్లాది భారతీయులు ఆకలి అంచున ఉండాల్సిందేనని ఒకచోట సూటిగా ఒప్పుకుంటాడు. ఒప్పుకుని ముందుకెళ్లిపోతాడు. ఆయన పోలీసు ఉద్యోగం చేసిన బర్మాకి మన కోస్తా జిల్లాల నుంచి ఏటేటా ఓడల్లో ‘రంగం’ పోయేవాళ్లు. రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా వాళ్లే. అక్కడ వాళ్లను కొరంగీలు అనేవారు. 1930 మేలో ఆ తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మీయుల్ని దించారు. సమ్మె తీరాక బర్మీయుల్ని వెళ్లగొట్టారు. రెండు పేదజాతులు వీధుల్లో చంపుకున్నాయి. అదే ఏడాది వరి ధర కుప్పకూలడం మొదలైంది. ఇక్కడ కృష్ణా, గోదావరి డెల్టాల్లో ధాన్యం ధర పడినా సర్కారు శిస్తు పడలేదు సరికదా, పెంచే ఏర్పాటు జరిగింది, ఎన్.జి.రంగా రైతుల్ని కూడగట్టింది ఆ మీదటనే. రంగం నుంచి మనియార్డరు ఆగిన శ్రీకాకుళం ఇంటి వారం పద్దు ముప్ఫై రెండు షిల్లింగుల పద్దులా అచ్చయి ఉంటే దాని పక్కన ఈ రెండు పుస్తకాలనీ ఇంకోలా చదివేవాళ్లం.

ఇక మిగిలింది అసలు తగువు. మాంద్యం మనిషిని విరుస్తుందా, వంచుతుందా? ఆర్వెల్ వంచుతుందంటాడు. 1936లో ఆయన చూసిన జనం కుంగిపోయి కూర్చోలేదు. భృతి మీద ఉండి కూడా పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఖర్చు తగ్గించుకుని, కోరిక తగ్గించుకుని, మామూలు బతుకు లాంటిదాన్నే బతుకుతున్నారని ఆశ్చర్యపడ్డాడు. మొదటి భాగం చివర, పని ఉన్న కార్మికుడి ఇంట్లో సాయంత్రం పూట నిప్పు దగ్గర కూర్చున్న కుటుంబాన్ని ముచ్చటగా రాస్తాడు. తండ్రి కోటు విప్పి చొక్కాతో, తల్లి కుట్టుపని చేస్తూ, పిల్లలు మిఠాయి చప్పరిస్తూ. తండ్రికి పని ఉంటేనే అని షరతు పెడతాడు గానీ ఆ ముచ్చట మాత్రం దాచుకోడు. ఆయన బయట చూసిన దృశ్యం దీనికంటే గట్టిది: గని చెత్త మోసుకొచ్చే రైలు కదులుతుండగానే వందల మంది మగవాళ్లు ఎగబడి పెట్టెలెక్కి, చెత్తలో దొరికే బొగ్గు బెడ్డల్ని కిందికి విసురుతారు, ఆడవాళ్లూ పిల్లలూ ఏరుకుంటారు. ఒకప్పుడు అదే బొగ్గుని జీతానికి తవ్వినవాళ్లు ఇప్పుడు దాన్ని దొంగిలిస్తున్నారు. అలవాటు పడటమంటే అదీ. ప్రాణం తెగించి అలవాటు పడటం.

హార్డ్‌కాజిల్ ఇంట్లోనూ ఆ నిప్పు ఉంది, దాని ముందు కుర్చీ ఉంది. తండ్రి ఆ కుర్చీలో కూర్చుని కొడుకు వంక చూడడు, కొడుకు తండ్రి వంక చూడడు. గ్రీన్‌వుడ్‌కి మాంద్యం విరిచేదే. లారీ పోయాక సాలీ బుకీ గ్రండీ ఇంటికి వెళ్లిపోతుంది. పేరుకి ఇంటి పనిమనిషిగా, వీధి అంతటికీ తెలిసిన అసలు సంగతితో. అది తెలిసి తండ్రి ఆమె మీద చెయ్యి చేసుకుంటాడు. ఆమె తిరగబడి అడిగిన ప్రశ్నలకు అతని దగ్గర జవాబు లేదు; మీరు తెచ్చిపెట్టలేనిది నేను తెచ్చుకుంటున్నాను అన్నదే వాటి సారం. విమర్శకులు దీన్ని పతనం అన్నారు, త్యాగం అన్నారు. నాకు రెండూ కనిపించవు. ఉద్యోగం పోయిన, ప్రేమించినవాడు పోయిన, మీన్స్ టెస్ట్ పట్టిన ఇంట్లో అమ్మకానికి మిగిలింది ఏమిటో ఆ పిల్ల చల్లగా లెక్క వేసుకుంది. ఆర్వెల్ చెప్పిన అలవాటు పడటం ఇదేనని, ఆయనకు మాత్రం ఆ ఇంటి తలుపు లోపల జరిగేది చూసే వీలు లేకపోయిందని నా అనుమానం.

గ్రండీ సిఫారసుతో బస్సు కంపెనీలో తండ్రికీ హ్యారీకీ పనులు దొరుకుతాయి. చెయ్యెత్తిన తండ్రే ఆ పని తీసుకుంటాడు. హెలెన్, బిడ్డ, హ్యారీ మిసెస్ డోర్బెల్ ఇంట్లో అద్దె గదిలో నిలదొక్కుకుంటారు. నవల మొదట్లో వచ్చిన ఉదయమే చివరా వస్తుంది. అందులో నాకు రచయిత నేర్పు తప్ప కొత్తదేం కనిపించలేదు. అంతకంటే ఆ ఇంటి రాబడి పట్టిక తలుచుకుంటే ఎక్కువ అర్థమవుతుంది. ఇప్పుడు అధికారి వచ్చి రాసుకున్నా తప్పు దొరకదు. తండ్రికి జీతం ఉంది, కొడుకు వేరే కాపురం, అతనికీ జీతం ఉంది. సాలీ పేరు ఆ పట్టికలో ఎక్కదు. ఆమె ఇప్పుడు ఆ ఇంటి మనిషి కాదు.